స్కూల్లో చెప్పొద్దంటున్నారు మా వారు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మేము మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గర్లో ఉంటాం. ఇక్కడికొచ్చి 18 ఏళ్లయింది. మా బాబుకి 15, పాపకి 11. ఏడాదిగా బాబు పూర్తిగా మారిపోయాడు. రాత్రి మూడింటిదాకా నిద్రపోడు. బాస్కెట్‌బాల్ మానేశాడు. రెండు నెలల క్రితం కోపంలో గోడని గుద్దితే కన్నం పడింది. మా వారు దానిమీద గుడిలో ఇచ్చిన క్యాలెండరు తగిలించారు. పోయిన వారం స్కూలు కౌన్సెలర్ ఫోన్ చేసింది. క్లాసులో తనని ఏడిపించే ముగ్గురు పిల్లల పేర్లు నోట్‌బుక్‌లో రాసి, పక్కన ఏవో బొమ్మలు గీసి, "ఒకరోజు వీళ్ల పని చెప్తా" అని రాశాడట. వచ్చి మాట్లాడమంది. మా వారు "మగపిల్లలు, ఏదో గీస్తుంటారు, మేం చెప్పుకుంటాం" అని ఫోన్ పెట్టేశారు.

మూడేళ్ల క్రితం మా చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లలో బంగారం కోసం దొంగలు పడితే మా వారు తుపాకి కొన్నారు. బెడ్‌రూమ్ క్లోజెట్‌లో చిన్న లాకర్‌లో ఉంది. ఈ సంగతి స్కూల్లో ఎత్తొద్దంటున్నారు. రికార్డుల్లోకి ఎక్కుతుంది, కాలేజీ అడ్మిషన్లు పోతాయి, పోలీసులు ఇంటికొస్తారు అంటారు. సెలవులివ్వగానే ఇండియా పంపి మా మామగారి దగ్గర్లో హాస్టల్లో వేస్తే లైన్లో పడతాడని ఆయన నమ్మకం. మా రాష్ట్రంలోనే ఆక్స్‌ఫర్డ్ అనే ఊరి స్కూల్లో 2021లో ఓ పిల్లాడు కాల్పులు జరిపిన కేసులో వాడి తల్లిదండ్రుల్ని జైల్లో పెట్టారు కదా, అది తలుచుకుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. అయినా రోజుకి ఏడు గంటలు వాడు ఉండేది స్కూల్లోనే. వాళ్లకి బాధ్యత లేదా? నా వంతు ఎంతవరకు? ఇంకొక్క మాట. ఈమధ్య మా పాప రాత్రిళ్లు తన గది తలుపుకి లోపల్నుంచి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంటోంది.
— ఒక తల్లి, మిషిగన్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మీకు విడిగా నాలుగు ముక్కలు రాసి పంపాను. తుపాకి ఈ రాత్రే ఇంట్లోంచి బయటికి పోవాలి, మిగతావన్నీ తర్వాత అని. అదే మాట ఇక్కడ మళ్లీ మొదట పెడుతున్నాను. ఇలాంటి ఇల్లు మీదొక్కటే అయి ఉండదు.

లాకర్‌లో ఉందని రాశారు. ఆ లాకర్ నంబరు నాకు తెలీదు కానీ మన ఇళ్ల సంగతి తెలుసు. పెళ్లిరోజో, పెద్దవాడి పుట్టినరోజో, ఇంటి నంబరో అయి ఉంటుంది. వైఫైకి పాస్‌వర్డ్ పెట్టేది పిల్లలే, అమ్మ ఫోన్‌లో బ్యాంకు యాప్ వేసిచ్చేదీ పిల్లలే. 15 ఏళ్ల పిల్లాడికి తెలియని నంబరు ఇంట్లో ఏదీ ఉండదు. ఆక్స్‌ఫర్డ్ కుర్రాడి ఇంట్లో కూడా తుపాకులకి పెట్టె ఉంది. కంపెనీవాళ్లు పెట్టిచ్చిన మూడు సున్నాల నంబరు మార్చనే లేదని కోర్టులో తేలింది. వాడు స్కూలుకి పట్టుకెళ్లిన పిస్టల్‌ని బీరువాలో దాచామని తండ్రి చెప్పుకున్నాడు. దానికి వేయాల్సిన కేబుల్ తాళం కవరు విప్పకుండా అలాగే దొరికింది. అమెరికా సీక్రెట్ సర్వీస్‌వాళ్లు 2008 నుంచి 2017 దాకా స్కూళ్లలో జరిగిన 41 దాడుల్ని పరిశీలించారు. వాటిలో తుపాకి వాడిన పిల్లల్లో నలుగురికి ముగ్గురు దాన్ని తెచ్చుకున్నది సొంతింట్లోంచో దగ్గరి చుట్టాల ఇంట్లోంచో.

మీ రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి 13 నుంచి కొత్త చట్టం ఉంది. మైనర్లుండే ఇంట్లో తుపాకిని తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, లేదా తూటాలు తీసేసి తుపాకికే తాళం వేయాలి. అలా పెట్టక అది పిల్లాడి చేతికి దొరికి ఎవరి ప్రాణమైనా పోతే పెద్దవాళ్లకి 15 ఏళ్ల వరకు జైలు. మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితిలో తాళం వేసినా చాలదని నా అభిప్రాయం. ఎవరో స్నేహితుడింట్లో పెట్టేద్దామని మీ వారు అనొచ్చు. చేతి తుపాకి చేతులు మారాలంటే అక్కడ కాగితాలుంటాయి, అలా ఇచ్చేయకండి. మీ ఊరి పోలీసుల మామూలు నంబరుకి, అత్యవసరానికి వాడే 911 కాకుండా ఉండే రెండో నంబరుకి ఫోన్ చేసి, "మా పిల్లాడి గురించి బెంగగా ఉంది, తుపాకి కొన్నాళ్లు బయట భద్రపరచాలి, ఎలా?" అని అడగండి. ఇలా అడగడం నేరం కాదు.

ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ గురించి. మీరు జైలు దగ్గర ఆగిపోయారు. నేను మిమ్మల్ని ఆ రోజు పొద్దున జరిగిన మీటింగు దగ్గరికి తీసుకెళ్లాలనుకుంటున్నాను. ఆక్స్‌ఫర్డ్ ఉన్నది ఓక్లండ్ కౌంటీలో. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ కూడా ఆ కౌంటీలోవే.

2021 నవంబర్ 26, శుక్రవారం. ఆ కుర్రాడి తండ్రి జేమ్స్ క్రంబ్లీ కొడుకుని వెంటపెట్టుకెళ్లి 9 ఎంఎం పిస్టల్ కొన్నాడు. మర్నాడు తల్లి జెన్నిఫర్ వాణ్ని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లింది. సోమవారం క్లాసులో వాడు ఫోన్‌లో తూటాల కోసం వెతుకుతుంటే టీచరు చూసింది. స్కూలువాళ్లు తల్లికి వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆవిడ కొడుక్కి మెసేజ్ చేసింది: నాకేం కోపం లేదు, దొరక్కుండా ఉండటం నేర్చుకోవాలి అని. మంగళవారం పొద్దున లెక్కల కాగితం మీద తుపాకి బొమ్మ, తూటా బొమ్మ, నెత్తురు కారుతున్న మనిషి బొమ్మ. పక్కన రెండు ముక్కలు: "ఆలోచనలు ఆగడం లేదు. నాకు సాయం చేయండి."

టీచరు ఊరుకోలేదు, పైవాళ్లకి చెప్పింది. తల్లిదండ్రుల్ని పిలిపించారు, వాళ్లూ వచ్చారు. అంటే అక్కడిదాకా అందరూ చేయాల్సింది ఎంతోకొంత చేశారు. కౌన్సెలర్ గదిలో వాడు, తల్లీ తండ్రీ, కౌన్సెలర్, ఇంకో స్కూలు అధికారి కూర్చున్నారు. వాడు చచ్చిపోవాలనుకుంటున్నాడేమోనని కౌన్సెలర్‌కి అనుమానం వచ్చింది. ఈరోజే డాక్టరుకి చూపించండి అన్నాడు. ఈరోజు కుదరదు, ఉద్యోగాలకి వెళ్లాలి అన్నారు వాళ్లు. సరే, 48 గంటల్లో చూపించండి అన్నాడు. పావుగంటలోపే అయిపోయింది మీటింగు. వాడి స్కూలు బ్యాగు క్లాసులోంచి తెప్పించి వాడి చేతికే ఇచ్చారు. ఎవరూ జిప్పు తీయలేదు. వాడు క్లాసుకి వెళ్లాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి కొంచెం ముందు ఆ బ్యాగులోంచే పిస్టల్ తీశాడు. 14 నుంచి 17 ఏళ్ల వయసున్న పిల్లలు నలుగురు చనిపోయారు. ఏడుగురు గాయపడ్డారు.

ఆ గదిలో ఎవరి దగ్గర ఏముందో ఒక్కసారి చూడండి. నెత్తురు బొమ్మ సంగతి స్కూలుకి తెలుసు. నాలుగు రోజుల క్రితం తుపాకి కొన్న సంగతి తల్లిదండ్రులకి తెలుసు. ఇంట్లో ఏవేవో కనబడుతున్నాయని వాడు కొన్ని నెలల ముందే మెసేజ్ పెట్టిన సంగతి తల్లికి తెలుసు. ఇంట్లో తుపాకి ఉందా అని స్కూలువాళ్లు అడగలేదు. ఉందని కన్నవాళ్లు చెప్పలేదు. ఎవరికి తెలిసింది వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు మీ ఇంటికి రండి. కౌన్సెలర్ దగ్గర నోట్‌బుక్ ఉంది. మీ దగ్గర గోడ కన్నం ఉంది, రాత్రి మూడింటిదాకా నిద్రలేని పిల్లాడున్నాడు, లాకర్ ఉంది, పాప తలుపు దగ్గర కుర్చీ ఉంది. స్కూల్లో చెప్పొద్దు అంటే, ఈ రెండు చేతుల్లో ఉన్నవి ఒకచోటికి రాకుండా చూడు అని మీ వారు మీకు చెబుతున్నట్టు. ఆయన అలా అనుకుని ఉండరు. కొడుకు భవిష్యత్తు గురించి భయపడుతున్నారు. కానీ జరిగేది మాత్రం అదే.

జెన్నిఫర్ క్రంబ్లీని 2024 ఫిబ్రవరిలో, జేమ్స్‌ని మార్చిలో జ్యూరీలు దోషులుగా తేల్చాయి. చనిపోయిన ఒక్కొక్కరికీ ఒకటి చొప్పున నాలుగు నరహత్య నేరాలు (చంపాలనే ఉద్దేశం లేకపోయినా నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోవడం). ఏప్రిల్ 9న ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల శిక్ష పడింది. స్కూల్లో కాల్పులు జరిపిన పిల్లాడి తల్లిదండ్రులు ఇలా నరహత్య కింద దోషులు కావడం అమెరికాలో అదే మొదలు. కొడుక్కి అంతకు ముందే, 2023 డిసెంబర్‌లో, పెరోల్ లేని యావజ్జీవం వేశారు. వాడి పేరు నేను రాయను. మీరు ఆ తల్లిని తలుచుకుని భయపడుతున్నారు. నేనూ ఆవిడ గురించి చాలా ఆలోచించాను. రాక్షసి అనుకుంటే మనకి తేలిగ్గా ఉంటుంది, మనం అలాంటివాళ్లం కాదు కదా అని పక్కకి తప్పుకోవచ్చు. ఆ పొద్దున ఆ గదిలో ఆవిడ ఆఫీసుకి టైమవుతోందని చూసుకున్న మనిషి. ఆ తొందర నాకు తెలుసు, మీకూ తెలుసు.

స్కూలుకి బాధ్యత లేదా అని అడిగారు. ఉంది, చాలా ఉంది. 2023 అక్టోబర్‌లో ఆక్స్‌ఫర్డ్ మీద బయటి సంస్థ ఇచ్చిన నివేదిక 500 పేజీలు దాటింది. స్కూలు వ్యవస్థ ఎక్కడెక్కడ తప్పిందో వివరంగా రాశారు. థ్రెట్ అసెస్‌మెంట్ అంటారు, పిల్లాడి వల్ల ఎవరికైనా ప్రమాదం ఉందా అని ఒక బృందం కూర్చుని తేల్చడం. అది ఆ పిల్లాడి విషయంలో జరగాల్సింది, జరగలేదు. అయినా స్కూలువాళ్ల మీద క్రిమినల్ కేసు లేదు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు వేసిన దావాలు కూడా, సర్కారీ సంస్థలకి చట్టం ఇచ్చే రక్షణ వల్ల, రాష్ట్ర కోర్టుల్లో నిలవలేదు. ఇది నాకు మింగుడుపడదు. తల్లిదండ్రులకి జైలు పడటం తప్పని నేననను. కానీ ఆ గదిలో కూర్చున్న పెద్దవాళ్లలో ఇద్దరిదే తప్పని తేల్చడం న్యాయం అనిపించదు.

కాబట్టి స్కూలుని వదిలిపెట్టకండి, అడగండి. థ్రెట్ అసెస్‌మెంట్ చేశారా, చేస్తే ఎవరెవరు కూర్చున్నారు, కాగితం మీద ఏం రాశారు? చేయకపోతే ఎప్పుడు చేస్తారు? వాడు తిరిగి క్లాసుకి వచ్చాక రోజూ పొద్దున వాణ్ని పలకరించే మనిషి ఎవరు? బ్యాగు ఎవరు చూస్తారు? ఆ ముగ్గురు పిల్లల ఇళ్లకి కబురు చేశారా? మీకు కష్టంగా ఉంటుంది కానీ చేసి తీరాలి. వాళ్లూ ఎవరో కన్న పిల్లలే. దాంతోపాటు వాళ్లు మీ వాణ్ని ఏడిపిస్తున్న సంగతి మీదా ఏం చేస్తున్నారో అడగండి. ఎప్పట్నుంచి, ఏమని, ఎక్కడ? లాకర్ల దగ్గరా, బస్సులోనా, ఫోన్ గ్రూపుల్లోనా? మన పిల్లల్ని అక్కడ పేర్లు వంకరగా పిలుస్తారు, లంచ్ బాక్సు వాసనని వెక్కిరిస్తారు, ఇంటికొచ్చి చెప్పరు. చెబితే మనం "నువ్వేం పట్టించుకోకు, చదువుకో" అంటామని వాళ్లకి తెలుసు. నోట్‌బుక్‌లో రాసింది తప్పే. దాని వెనకాల జరిగినదాన్ని స్కూలు చూడకపోతే సగం పనే చేసినట్టు.

ఇక ఇండియా పంపడం. ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు బడిలో 22 ఏళ్లు సోషల్ చెప్పాను. ఒక ఏడాది నేను క్లాస్ టీచర్‌గా ఉన్న తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాడి క్యారేజీ సంచిలో కూరగాయల కత్తి దొరికింది. తోటి పిల్లాణ్ని బెదిరించడానికి తెచ్చాడు. యాజమాన్యం గొడవ బయటికి రాకూడదంది. తండ్రిని పిలిపించారు. ఆయన మా ముందే రెండు చెంపలూ వాయించాడు. సాయంత్రానికి టీసీ సిద్ధం. టీసీలో ప్రవర్తన అని ఒక గడి ఉంటుంది. ఆ గడి నింపింది నేను. "మంచిది" అని రాశాను. పిల్లాడి జీవితం పాడవకూడదు అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. పక్క ఊరి హాస్టల్లో చేర్చారు. కొత్త బడివాళ్లకి ఎవరం ఫోన్ చేయలేదు. ఎనిమిది నెలల తర్వాత ఆ హాస్టల్లో రూమ్‌మేట్‌ని పొడిచాడు. పొడిపించుకున్న పిల్లాడు బతికాడు. ఎడమచెయ్యి వేళ్లు మాత్రం మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. యాజమాన్యం చెప్పింది, రాశాను అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ రాసిన చెయ్యి నాది.

మీ వారు అనుకుంటున్న హాస్టల్ కూడా ఆ గడిలాంటిదే. వాడి గురించి ఏమీ తెలియని చోటికి, గదికి నలుగురో ఆరుగురో ఉండే చోటికి, వారానికోసారి ఫోన్ ఇచ్చే చోటికి, తెలుగు సరిగా రాని పిల్లాణ్ని పంపుతారు. తాతగారికి నిజం చెబుతారా? వార్డెన్‌కి చెబుతారా? చెబితే వాళ్లు చేర్చుకోరు, చెప్పకపోతే ఇంకో పిల్లాడికి ప్రమాదం. వాడి వరకు చూసినా, మావాళ్లు నన్ను వదిలించుకున్నారు అనే మాటే లోపల నాటుకుపోతుంది. సమస్య వచ్చింది అక్కడ, చూసుకోవాల్సిందీ అక్కడే. పైగా పెద్దవాళ్ల బాధ్యత ఇక్కడ, ఇండియాలో, ఉండదనేం కాదు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించాక, మైనరు చేతికి బండి ఇచ్చి అది నేరం దాకా వస్తే సంరక్షకుడికో బండి ఓనరుకో 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా అని రాశారు. పిల్లాడి చేతికి ఏది అందింది, అందనిచ్చింది ఎవరు అనే ప్రశ్న ఇక్కడా మొదలైంది.

రికార్డు గురించి మీ వారి భయం ఉత్త భయం అని నేననను. ఏదో ఒకటి రాసుకోవచ్చు. కొన్నాళ్లు స్కూలుకి రావొద్దనొచ్చు. పోలీసులు మాట్లాడతామంటే ఒక లాయరుని పక్కన పెట్టుకోండి, అది మీ హక్కు. కానీ లాయరు దొరికేదాకా తుపాకి సంగతి దాచి ఉంచడం వేరు, అది చేయకండి. కాలేజీ ఒక ఏడాది ఆలస్యమైతే కొంప మునగదు. మీ వాడు ఇవాళ నేరస్తుడు కాదు. ఇలా రాసే, ఇలా గీసే పిల్లల్లో ఎక్కువమంది ఎవరికీ ఏ హానీ చేయరు. వాళ్లలో చాలామంది అడుగుతున్నది సాయం. అందుకే ఇప్పుడే చెప్పాలి, చెప్పినా నష్టం చిన్నదిగా ఉన్నప్పుడే. ఇద్దరూ కలిసి స్కూలుకి వెళ్తే మంచిది. ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి. ఆయన అనుమతి కోసం ఆగకండి.

వాడితో మాట్లాడటం మీకు అన్నిటికంటే కష్టం అనిపిస్తుందని తెలుసు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడకండి. కారులో పక్కన కూర్చోబెట్టుకుని అలా తిప్పండి, ఇద్దరి కళ్లూ రోడ్డు మీద ఉంటే ఈ వయసు పిల్లలు కొంచెం నోరు విప్పుతారు. మా పరువు తీశావు, నీకోసం ఇంత కష్టపడుతుంటే అనే మాటలు ఆ రోజు ఎత్తకండి. సూటిగా అడగండి: "నాన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎవరినైనా ఏమైనా చేయాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని భయపడతాం. అలా జరగదు. అవునంటే అరవకండి, ఏడ్చినా ఫర్వాలేదు. ఇలాంటప్పుడు సాయం చేసే 988 నంబరుకి ఆ కారులోంచే ఫోన్ చేయొచ్చు, మెసేజ్ అయినా పెట్టొచ్చు, ఏ టైములోనైనా. ఎప్పుడు, ఎలా అని కూడా చెబితే ఇంటికి తిప్పకండి, సరాసరి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అవునన్నా కాదన్నా ఈ వారంలో పిల్లల డాక్టరుకి ఫోన్ చేసి, నిద్ర, గోడ, నోట్‌బుక్ మూడూ చెప్పి, మానసిక వైద్యుడి దగ్గరికి అర్జెంటుగా రాసివ్వమని అడగండి. రెండు నెలల తర్వాతి అపాయింట్‌మెంటు ఇస్తే, ముందుగా ఏది దొరుకుతుందో చెప్పమని మళ్లీ అడగండి. స్కూలు మళ్లీ ఎప్పుడైనా రమ్మంటే, ఎంత పనున్నా, ఆ రోజు వాణ్ని వెంటపెట్టుకుని ఇంటికి రండి. తిరిగి క్లాసుకి పంపకండి.

రేపు పొద్దున కౌన్సెలర్‌కి ఫోన్ చేసినప్పుడు మాటలు తడబడతాయేమోనని కాగితం మీద రాసుకోండి. ఇంగ్లీషు బాగుండక్కర్లేదు, సంగతులు ఉంటే చాలు. "నేను ఫలానా అబ్బాయి అమ్మని. ఆ రోజు మీకు కొన్ని విషయాలు చెప్పలేదు. మా ఇంట్లో తుపాకి ఉండేది, ఇప్పుడు తీసేశాం. వాడు నిద్రపోవడం లేదు. గోడ పగలగొట్టాడు. చెల్లెలు భయపడుతోంది. నాకు మీ సాయం కావాలి. ఈరోజే వస్తాను." వెళ్లేముందు క్యాలెండరు తీసి, ఆ కన్నానికి ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. చెప్పడం కష్టమైతే చూపించొచ్చు.

పాప సంగతి. ఆ కుర్చీ ఎందుకు పెడుతున్నావని కోప్పడకండి, అన్నయ్యే కదా అని నచ్చజెప్పకండి. ఇంట్లో ఏదో బాగాలేదని మీ అందరికంటే ముందు గట్టిగా ఒప్పుకున్నది ఆ పిల్లే. కొన్నాళ్లు మీ గదిలో పడుకోబెట్టుకోండి. అన్నయ్య ఎప్పుడైనా తోశాడా, కొట్టాడా, ఏదైనా చూపించి బెదిరించాడా అని మెల్లగా అడగండి. ఏం చెప్పినా ముందు నమ్మండి. అది కూడా డాక్టరుకి చెప్పండి. తన గదికి తిరిగి వెళ్తానన్న రోజు మళ్లీ కుర్చీ పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. తనంతట తాను తీసేదాకా దాన్ని అక్కడే ఉండనివ్వండి.